పేషెంటు తాలూకు ఎవరండీ?

విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ రాత్రి రెండింటికి ఏ ఐసీయూ బయట చూసినా ఒకటే వరస. ప్లాస్టిక్ కుర్చీల్లో జోగుతున్న మనుషులు, ఒళ్ళో ఎక్స్‌రేల కవరు, కాళ్ళ దగ్గర ఫ్లాస్కు, ఉన్న ఒక్క ప్లగ్గు చుట్టూ నాలుగు ఫోన్లు. తలుపు ఓరగా తెరుచుకుంటుంది. "పదకొండో బెడ్డు తాలూకు ఎవరండీ?" అని సిస్టర్ పిలుస్తుంది. ముందు లేచినవాళ్ళే ఆ పేషెంటు తాలూకు. వాళ్ళ చేతికి మందుల చీటీ వస్తుంది. లేదంటే సంతకం పెట్టాల్సిన కాగితం వస్తుంది.

తండ్రి వైద్యంలో పెద్ద పెద్ద నిర్ణయాలు చాలాసార్లు ఇలాగే, ఆ రాత్రి కాపలా పడుకున్నవాడి చేతి మీదుగా నడిచిపోతాయి. అతను అల్లుడు కావచ్చు, తమ్ముడి కొడుకు కావచ్చు, పొద్దున ఆఫీసుకి వెళ్ళాల్సిన చిన్నకొడుకు కావచ్చు. పెన్ను కూడా సిస్టర్ దగ్గరే తీసుకుని సంతకం పెట్టేస్తాడు. పెట్టకపోతే ఏమవుతుందో తెలియదు, పెడితే ఏమవుతుందో కూడా తెలియదు.

మన దగ్గర కనిపించే ఒక మామూలు వరస తీసుకుందాం. తెనాలి పక్క పల్లెలో 78 ఏళ్ళ పెద్దాయన. షుగరు, బీపీ, ఎప్పుడో వేసిన స్టెంటు. మే నెల, రోహిణీ కార్తె ఎండలు. నిన్నటి నుంచి ఏదో తిక్కతిక్కగా మాట్లాడుతున్నాడని ఇంట్లో పెద్దావిడ అంటుంది. జ్వరం లేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక సెలైన్ ఎక్కిస్తాడు. మర్నాటికి మనిషి మగతలోకి జారిపోతాడు. కారులో పడుకోబెట్టి గుంటూరు తీసుకొస్తే, రక్తంలో సోడియం 112 అని తేలుతుంది. ఉండాల్సింది 135 నుంచి 145. మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా ఉంది. ఐసీయూలో చేరుస్తారు. మూడో రోజుకి నిమ్ము చేస్తుంది, ఆక్సిజన్ సరిపోదు, ముందు మాస్కుతో గాలి అందించే బైపాప్, తర్వాత వెంటిలేటర్ కోసం గొంతులో గొట్టం. బీపీ నిలబెట్టే మందు. ఆ తర్వాత కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతుంది, డయాలసిస్ అంటారు. పన్నెండో రోజున "గొంతు దగ్గర చిన్న రంధ్రం పెడితే గొట్టం నోట్లోంచి తీసేయొచ్చండీ" అంటారు.

ఇందులో ఏ ఒక్క అడుగూ తప్పు కాదు. ఊపిరి ఆడనప్పుడు వెంటిలేటర్ పెట్టడం న్యాయమే, కిడ్నీలు ఆగినప్పుడు డయాలసిస్ అడగడమూ న్యాయమే. ప్రతి సంతకం వెనకా ఒక కారణం ఉంది. కానీ ఈ దారి చివర నాన్న ఏ స్థితిలో ఉంటాడు, ఆ స్థితి ఆయనకి సమ్మతమేనా అనే ప్రశ్న ఏ కాగితం మీదా లేదు. చిన్న ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వస్తూ పోతే పెద్ద ప్రశ్న అడిగే సందు దొరకదు. పన్నెండో రోజున వెనక్కి తిరిగి చూసుకుంటే, ఎవరూ కావాలని ఎంచుకోని చోట ఇంటిల్లిపాదీ నిలబడి ఉంటారు.

పైన చెప్పిన వరసలో మొదటి రెండు రోజులే ఎక్కువ విలువైనవి, వాటిమీదే తక్కువ ధ్యాస పెడతాం. పెద్దవయసులో ఇన్ఫెక్షన్ జ్వరంతోనే రావాలని లేదు. ఉన్నట్టుండి మాట తడబడటం, పగలు రాత్రి తేడా తెలియకపోవడం, అన్నం ముందు కూచుని చెయ్యి కదపకపోవడం, ఇవే దాని గుర్తులు. వయసైపోయింది, చాదస్తం అనుకుని సరిపెట్టుకుంటారు. చాదస్తం ఏళ్ళ మీద వస్తుంది. రెండు రోజుల్లో వచ్చిందంటే అది జబ్బు. సోడియం పడిపోవడానికి కారణం కూడా తరచూ ఇంట్లోనే ఉంటుంది: బీపీ కోసం ఇచ్చిన నీరు లాగే మాత్ర, డాక్టరు తగ్గించమంటే పూర్తిగా మానేసిన ఉప్పు, ఎండకని తాగించిన ఉత్త మంచినీళ్ళు. ఈ మూడూ కలిస్తే చాలు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. చేరిన మర్నాడే "ఇంకా సోడియం పెరగలేదేంటండీ" అని డాక్టరు మీద విసుక్కునే కుటుంబాలు చాలా ఉన్నాయి. నాలుగైదు రోజులుగా మెల్లగా పడిపోయిన సోడియాన్ని గబగబా పెంచితే మెదడులో నరాల పొర దెబ్బతిని, మనిషి శాశ్వతంగా మంచాన పడే ప్రమాదం ఉంది. అందుకే ఆ అంకె 24 గంటల్లో 8 నుంచి 10 మించి పెరగకుండా చూస్తారు. నెమ్మదిగా చేస్తున్న డాక్టరు ఇక్కడ సరిగ్గా చేస్తున్నాడని అర్థం.

గుండెపోటు, పక్షవాతం లెక్క వేరు. అక్కడ ఆలస్యమే శత్రువు. రక్తం గడ్డ కట్టి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అది కూడా తలకి సీటీ స్కాన్ తీశాకే. పల్లె నుంచి మొదట చిన్న నర్సింగ్ హోముకి, అక్కడి నుంచి గుంటూరుకి, అక్కడ మంచం ఖాళీ లేదని కాజ టోల్‌గేటు దాటించి విజయవాడకి తిప్పితే ఆ నాలుగున్నర గంటలూ రోడ్డు మీదే అయిపోతాయి. ఎక్కడ ఏముందో ముందే తెలిసి ఉండటం ఇందుకే. గుంటూరులో పెద్దాసుపత్రి ఉంది, 1946 నాటి వైద్య కళాశాలకి అనుబంధం. విజయవాడలో గుణదల వైపు సిద్ధార్థ వైద్య కళాశాలను ఆనుకుని కొత్త ప్రభుత్వాసుపత్రి, రెండు ఊళ్ళకీ మధ్యలో మంగళగిరి ఎయిమ్స్. ఎయిమ్స్ ఓపీకి పనికొచ్చినంతగా అర్ధరాత్రి అత్యవసరానికి పనికొస్తుందా లేదా అన్నది ఆ పూట మంచం ఖాళీని బట్టి ఉంటుంది, ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరాలి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 ఇప్పటికీ మొదటి ఫోనే. సొంత కారులో వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్తే వేగంగా పోతామనిపిస్తుంది గానీ, దార్లో ఆక్సిజన్ పెట్టేవాడు ఉండడు.

ఐసీయూ లోపల వాడే తెలుగు వేరు. "స్టేబుల్‌గా ఉన్నారు" అంటే బాగున్నారని కాదు, నిన్నటి కంటే చెడలేదని. "సపోర్టు మీద ఉన్నారు" అంటే బీపీ గానీ ఊపిరి గానీ సొంతంగా లేదని. "24 గంటలు గడిస్తే గానీ చెప్పలేం" అనేది ఒకసారి చెబితే నిజంగా తెలియక చెప్పిన మాట, వారం రోజులు అదే చెబుతుంటే చెప్పడానికి ఇబ్బంది పడుతున్న మాట. "రెస్పాండ్ అవుతున్నారు" అన్న మాట అన్నిటికంటే ప్రమాదం. గిల్లితే చెయ్యి లాక్కోవడం కూడా రెస్పాండే, పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరవడమూ రెస్పాండే. రెండింటికీ మధ్య ఆకాశమంత తేడా.

కాబట్టి అడిగే ప్రశ్న మార్చుకోవాలి. "ఎలా ఉన్నారు సార్?" అంటే "ట్రీట్మెంట్ నడుస్తోంది" అనే జవాబు తప్ప రాదు. దాని బదులు: నిన్న ఆక్సిజన్ ఎంత శాతం ఇచ్చారు, ఇవాళ ఎంత? బీపీ మందు డోసు పెరిగిందా, తగ్గిందా? మూత్రం రోజంతటికీ ఎంత వచ్చింది? నిద్రమందు ఆపి చూశారా, ఆపాక కళ్ళు తెరిచారా? ఈ నాలుగూ ఒక నోటుబుక్కులో రోజూ రాసుకుంటే మూడు రోజులకి దారి ఎటు పోతోందో వైద్యం చదవనివాళ్ళకి కూడా కనిపిస్తుంది. పెద్ద డాక్టరు రౌండ్సుకి వచ్చి మాట్లాడేది అయిదు నిమిషాలే. ఆ అయిదు నిమిషాల్లో అంకెలు అడిగిన కుటుంబంతో డాక్టర్లు మాట్లాడే తీరే వేరు.

వాటన్నిటి కంటే ముఖ్యమైన ప్రశ్న మాత్రం ఇంకోటి: "అన్నీ మనం అనుకున్నట్టే జరిగితే, నాన్నగారు రెండు నెలల తర్వాత ఎలా ఉంటారు సార్? లేచి బాత్‌రూముకి వెళ్ళగలరా, మమ్మల్ని గుర్తుపడతారా?" బతుకుతారా అని అడిగితే "ప్రయత్నం చేద్దాం" అంటారు. ఎలా బతుకుతారని అడిగితే ఆలోచించి చెబుతారు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులే పది రోజులు మంచానికి పరిమితమైతే కాళ్ళలో దాదాపు కిలో కండ కరిగిపోతుందని పరిశోధనలో తేలింది. నెల రోజులు వెంటిలేటర్ మీద ఉన్న 78 ఏళ్ళ మనిషి నడకతో తిరిగొస్తాడని ఆశ పెట్టుకోవడం ఎంత కష్టమో ఇక చెప్పక్కర్లేదు.

ఐసీయూలో కుటుంబాన్ని బాగా కుంగదీసేది మతి చెదరడం. దానికి డెలీరియం అని పేరు. వెంటిలేటర్ మీద ఉన్న పెద్దవాళ్ళలో సగానికి పైగా మందికి ఎంతో కొంత వస్తుంది. జీవితంలో ఎవరినీ ఏకవచనంలో పిలవని మనిషి సిస్టర్ని బూతులు తిడతాడు. చేతి సూది పీకేస్తాడు. చనిపోయి ఇరవై ఏళ్ళయిన అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడంటాడు. కొడుకుని చూసి "నువ్వెవరివిరా, నన్ను అమ్మేశావా" అంటాడు. కట్టేసిన చేతుల్ని కిటికీ అద్దంలోంచి చూసిన కూతురు అక్కడే కూలబడిపోతుంది. పిచ్చెక్కిందనో, ఇంజెక్షన్లు వికటించాయనో అనుకుంటారు. చాలాసార్లు అది మెదడు మీద జబ్బు వేసిన నీడ. ఇన్ఫెక్షన్, నిద్రలేమి, మలబద్ధకం, మూత్రం బిగబట్టడం, కొన్ని నిద్రమందులు, ఇవన్నీ దాన్ని పెంచుతాయి. పొద్దుగుంకాక ఎక్కువవుతుంది. అరవకుండా, తిట్టకుండా గోడకేసి చూస్తూ పడి ఉండే రకం కూడా ఉంది. ప్రశాంతంగా ఉన్నారులే అనుకుని దాన్ని ఎవరూ పట్టించుకోరు.

దీనికి ఖరీదైన మందు లేదు. చేరినప్పుడు "విలువైన వస్తువులు ఇంటికి పంపేయండి" అంటే కళ్ళజోడు, పళ్ళసెట్టు, చెవి మిషను కూడా మూటగట్టి పంపేస్తారు. చూపు లేదు, వినికిడి లేదు, చుట్టూ మిషన్ల కూత, పగలూ రాత్రీ ఒకే ట్యూబులైటు. మంచిగా ఉన్న మనిషికైనా మతి చెదురుతుంది. కళ్ళజోడు తిరిగి పెట్టడం, పక్కన నిలబడి "నాన్నా, ఇవాళ మంగళవారం, పొద్దున పదైంది, గుంటూరు ఆసుపత్రిలో ఉన్నావు, అమ్మ బయటే ఉంది" అని నిదానంగా చెప్పడం, రాత్రి లైటు తగ్గించమని అడగడం, ఇవే మందులు. లోపలికి పంపే పది నిమిషాల్లో ఏడుపు మొహంతో నిలబడే నలుగురి కంటే ఈ పని చేసే ఒక్కరు మేలు.

డబ్బు సంగతి. దీనిమీద అందరికీ ఎంతో కొంత తెలుసు కాబట్టి తెలియనివే చెప్పుకుందాం. జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవ జాబితాలో ఉన్న చికిత్సలకే వర్తిస్తుంది, జాబితాలో ఉన్న ఆసుపత్రిలోనే వర్తిస్తుంది. చేరిన వెంటనే ఆ కౌంటరు దగ్గర కార్డు చూపించి అడగాలి, బిల్లు కట్టేశాక అడిగితే లాభం లేదు. 70 నిండినవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం కోసం కేంద్రం 2024 అక్టోబరు 29న వయ వందన కార్డు తెచ్చింది. ఆధార్‌తో ముందుగా తీసుకుని ఉంచుకోవాల్సిన కార్డు అది, అత్యవసర వార్డు గుమ్మంలో గుర్తుకొస్తే హైరానా. ప్రైవేటు బీమా ఉన్నవాళ్ళు గది అద్దె పరిమితి చూసుకోకుండా డీలక్స్ గది తీసుకుంటారు. పరిమితి దాటితే గది అద్దెలోనే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఛార్జీ లాంటి వాటిలో కూడా అదే దామాషాలో కోత పడవచ్చు. క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. ఫైలు ఇన్సూరెన్సు డెస్కులో నిద్రపోతుంటే ఈ గడువు గుర్తుచేయడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇక కుటుంబం. కృష్ణా గుంటూరు జిల్లాల ఇళ్ళలో ఒక పిల్లాడో పిల్లో అమెరికాలో ఉండటం మామూలే. ఆసుపత్రి దగ్గర పదో రోజు కాపలా కాస్తున్న కొడుకు "ఇక చాలేమో" అన్న ఆలోచనకి వచ్చే సమయానికి, శంషాబాద్‌లో దిగి నేరుగా వచ్చిన అన్నయ్య "ఏం చేశార్రా ఇన్నాళ్ళూ, హైదరాబాదు షిఫ్ట్ చేద్దాం" అంటాడు. విచిత్రమేమంటే అమెరికా డాక్టర్లు ఎప్పుడో 1991లోనే దీనికి ఒక పేరు పెట్టుకున్నారు: కాలిఫోర్నియా కూతురు. దూరాన ఉండి ఆఖరికి వచ్చి, అన్నీ చేయాల్సిందేనని పట్టుబట్టే సంతానం. వాళ్ళకది సామెతలాంటి మాట, మనకైతే ఆ కూతురు నిజంగానే కాలిఫోర్నియా నుంచి వస్తుంది. దూరాన ఉన్నవాళ్ళని తప్పుపట్టడం తేలికే. దగ్గర లేకపోయిన బాధ అలా కోపమై బయటపడుతుంది. రోజూ నోటుబుక్కు పేజీ ఫోటో తీసి పంపితే, డాక్టరు మాట్లాడేటప్పుడు వీడియో కాల్‌లో వినిపిస్తే, విమానం దిగేసరికి వాళ్ళు మిగతావాళ్ళతో ఒకే చోట ఉంటారు. లేకపోతే మొదటి రోజు దగ్గరే ఆగిపోయి ఉంటారు.

డాక్టరుతో మాట్లాడేవాళ్ళు ఒక్కరే ఉండాలి, పేరు కేసు షీటు మీద రాయించాలి. రాత్రి ఎవరు పడుకున్నా సరే, మందుల చీటీ తప్ప ఇంకే కాగితం వచ్చినా ఆ ఒక్కరికి ఫోన్ చేయకుండా సంతకం పెట్టకూడదు. ప్రాణం పోయే క్షణమైతే డాక్టర్లు సంతకం కోసం ఆగరు, ఆగనక్కర్లేదు కూడా. మిగతా వాటికి ఒక ఫోన్ కాల్ టైము ఎప్పుడూ ఉంటుంది.

ఇందులో మనం దాదాపు ఎప్పుడూ మర్చిపోయేది ఇద్దరిని. ఒకరు అమ్మ. యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని "నీకేం తెలుసమ్మా, కంగారుపడతావు" అని ఇంట్లో కూచోబెడతారు. ఆయన దేనికి భయపడేవాడో, ఎవరి చావు చూసి ఏమన్నాడో తెలిసింది ఆవిడ ఒక్కదానికే. రెండో మనిషి స్వయంగా నాన్న. మగతలోకి జారకముందు రెండు రోజులు స్పృహలోనే ఉన్నా ఆయన్ని ఎవరూ అడగలేదు. అడగడం అపశకునం అనుకున్నారు.

అడిగి రాయించుకోవడానికి చట్టపరంగా దారి ఉంది. వైద్యం ఎంతవరకు కావాలో ముందే రాసుకునే హక్కును సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మార్చి 9న గుర్తించింది. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాల్సి వచ్చేది, 2023 జనవరి 24న దాన్ని సడలించి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలన్నారు. కాగితం లేకపోయినా, కోలుకునే ఆశ లేదని వైద్యుల రెండు బోర్డులు తేల్చి, కుటుంబం ఒప్పుకుంటే యంత్రాల సాయం ఉపసంహరించుకోవచ్చు. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి దాన్ని మళ్ళీ కొట్టించే ప్రయత్నం, అంటే సీపీఆర్, వద్దనుకునే పద్ధతి మీద భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. రోగి గానీ బంధువులు గానీ వద్దంటే ఐసీయూలో చేర్చరాదని కేంద్ర ఆరోగ్యశాఖ 2024 జనవరిలో చెప్పింది. సీపీఆర్ గురించి సినిమాల్లో చూసింది వేరు: అమెరికాలో 65 దాటిన ఆసుపత్రి రోగుల మీద చేసిన పెద్ద పరిశీలనలో, సీపీఆర్ అందుకున్నవాళ్ళలో డిశ్చార్జి దాకా బతికింది వందకి 18 మంది. పక్కటెముకలు విరగడం సాధారణం.

ఇవన్నీ ఉన్నా మన దగ్గర ఆచరణలో నడిచేది వేరే తలుపు. "ఇంటికి తీసుకెళ్ళిపోతాం" అని రాసిచ్చి, డాక్టరు వద్దన్నా మేమే వెళ్తున్నామనే లామా కాగితం మీద సంతకం పెట్టి, అంబులెన్సులో గాలి బుడ్డ నొక్కుకుంటూ ఊరికి చేర్చడం. ఊపిరి ఉండగానే సొంత గుమ్మంలోకి తేవాలన్న ఆరాటం ఒకపక్క, అద్దె ఇంటివాళ్ళు శవాన్ని దించనివ్వరన్న భయం ఇంకోపక్క. ఇందులో తప్పేమీ లేదు గానీ, వైద్య సలహాకి విరుద్ధంగా అని రాసిన ఆ కాగితంతో నొప్పికీ ఆయాసానికీ రాసివ్వాల్సిన మందులు కూడా ఆగిపోతాయి. ఆ ఆఖరి రాత్రి ఇంట్లో ఆయాసపడుతున్న మనిషి పక్కన విసనకర్ర తప్ప ఏమీ ఉండదు. అదే నిర్ణయాన్ని డాక్టరుతో కూచుని తీసుకుంటే మార్ఫిన్ రాయించుకోవచ్చు, ఇంటికి నర్సుని మాట్లాడుకోవచ్చు, ఏమైతే ఏం చేయాలో అడిగి పెట్టుకోవచ్చు.

అన్నీ చేయించడం, అన్నీ ఆపి ఇంటికి తీసుకెళ్ళడం, ఈ రెండు కొసల మధ్య ఇంకో పద్ధతి ఉంది, మన కుటుంబాలకి అదే బాగా సరిపోతుంది. వెంటిలేటర్ పెట్టేముందే "ఇన్ని రోజులు చూద్దాం సార్, అయిదు రోజుల్లో ఆక్సిజన్ అవసరం తగ్గకపోతే, నిద్రమందు ఆపినా కళ్ళు తెరవకపోతే, మళ్ళీ కూచుని మాట్లాడుకుందాం" అని గడువు పెట్టుకోవడం. డాక్టర్లలో చాలామంది దీనికి సంతోషంగా ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆ మాట వాళ్ళు ముందుగా ఎత్తితే "మీరే ఆశ వదిలేశారా" అని గొడవకొచ్చే బంధువులు వాళ్ళకి అనుభవమే. అయిదో రోజున ఆక్సిజన్ 80 శాతం నుంచి 40కి వచ్చిందంటే ముందుకు వెళ్ళొచ్చు. రాలేదంటే, అప్పుడు పెట్టే సంతకం తెలిసి పెట్టే సంతకం అవుతుంది.

కేసు షీటు నకళ్ళు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధన. అడగడం గొడవకి దిగడమనుకుని చాలామంది అడగరు. బిల్లు బాకీ ఉందని రోగిని గానీ, భౌతికకాయాన్ని గానీ ఆపరాదని జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది.

బతికి బయటపడ్డ పెద్దాయన ఇంటికొచ్చాక ఇంకో డ్యూటీ మొదలవుతుంది. ముక్కులో గొట్టం, అందులోంచి వడగట్టిన రాగిజావ, పోసేటప్పుడు తల వైపు ఎత్తుగా పెట్టడం, పోశాక కూడా అరగంట అలాగే ఉంచడం, లేకపోతే పొలమారి మళ్ళీ నిమ్ము. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, తిప్పకపోతే నడుం కింద పుండు పడుతుంది. రాత్రి పన్నెండుకీ, రెండుకీ, నాలుగుకీ ఫోన్లో అలారం. వారం తిరక్కముందే ఆ అలారం మోగకుండానే అమ్మ లేచి కూచుంటుంది.